కిలో పన్నెండు రూపాయలు

మా ఇంటి పద్దుల పుస్తకంలో పాలు, పచారీ, గ్యాసు, కరెంటు, ఫీజులు, మందులు అని గళ్ళుంటాయి. పుస్తకాలకి గడి లేదు. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో నేను కొన్న పుస్తకాలన్నీ "ఇతరములు" అన్న గడిలోంచే వచ్చాయి. చీపురుకట్ట, సేఫ్టీ పిన్నులు, గుళ్ళో హుండీ, రంగనాయకమ్మగారి నవల అన్నీ ఒకే గడిలో. మీ ఇళ్ళలోనూ ఇంచుమించు ఇదే పద్ధతి అనుకుంటాను. అందుకే చవగ్గా పుస్తకం దొరకడంలోని సంతోషం మనకి తెలిసినంతగా నెలకింతని పుస్తకాలకి కేటాయించుకోగలిగిన వాళ్ళకి తెలియదేమో. వాళ్ళు పుస్తకం కొంటారు. మనకి పుస్తకం "దొరుకుతుంది".

ఈ దొరకడానికి ఒక చరిత్ర ఉంది. రాజుల చరిత్ర, కవుల చరిత్ర రాసినవాళ్ళు చాలామందే ఉన్నారు. పుస్తకం ధర చరిత్ర, ముఖ్యంగా చేతిలో పర్సు లేని ఆడవాళ్ళ దాకా అది ఎలా దిగొచ్చిందన్న చరిత్ర, ఎవరో పండితులు రాస్తారని చూసి చూసి, నాకు తెలిసినంత నేనే రాద్దామని కూర్చున్నాను.

మొదలు మా విజయనగరం నుంచే పెడతాను. ఆక్స్‌ఫర్డులో మాక్స్ ముల్లర్ ఋగ్వేదాన్ని సాయణభాష్యంతో మొదటిసారి అచ్చు వేసినప్పుడు ఖర్చు ఈస్టిండియా కంపెనీ పెట్టుకుంది. ఆ పని 1849లో మొదలై 1874 దాకా సాగింది. రెండోసారి, 1890-92 మధ్య నాలుగు సంపుటాలుగా వేసినప్పుడు డబ్బిచ్చింది మన పూసపాటి ఆనందగజపతిరాజుగారు. విజయనగరం కోట సొమ్ముతో ఇంగ్లండులో వేదం అచ్చయింది. ఎంత గొప్ప! కానీ ఆ కోటకి నాలుగు వీధుల అవతల ఇంట్లో ఉన్న ఆడపిల్ల చేతికి ఆ రోజుల్లో ఏ పుస్తకం వచ్చి ఉంటుంది?

దీనికి సగం జవాబు అదే కాలంలో, అదే ఊళ్ళో పుట్టిన కన్యాశుల్కంలో ఉంది. 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చు వేశారు, 1909లో గురజాడవారు దాదాపు మళ్ళీ కొత్తగా రాశారు. ఆ నాటకం ముందుమాటలో ఒక లెక్క ఉంటుంది. మహారాజావారు విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన కన్యాశుల్కం పెళ్ళిళ్ళ జాబితా తయారు చేయిస్తే మూడేళ్ళలో 1,034 తేలాయట. అందులో ఏడాది వయసు పిల్లలు ముగ్గురు. అంటే ఆడపిల్ల ధర లెక్క రాసిపెట్టిన ఊరు మాది. నాటకంలో అగ్నిహోత్రావధాన్లు గారింట్లో వెంకటేశం పుస్తకాల డబ్బుల కోసం ఎంత రభస జరుగుతుందో మీకు గుర్తుండే ఉంటుంది. చదివిన ప్రతిసారీ నేనూ నవ్వుతాను. ఆ మధ్య ఒకసారి మాత్రం నవ్వు మధ్యలో ఆగింది. పుస్తకాలకి డబ్బివ్వాలా వద్దా అన్న గొడవంతా వెంకటేశం గురించే. బుచ్చమ్మకి ఒక పుస్తకం కావాలేమో అన్న ప్రశ్న ఆ ఇంట్లో ఎవరికీ రాదు. ఆమెని అమ్మగా వచ్చిన డబ్బు ఎప్పుడో ఖర్చయిపోయింది. పుస్తకాలు తమ్ముడికి.

ఆ తరవాత ఇరవై ముప్పయ్యేళ్ళలో ధర తగ్గించడమే పనిగా పెట్టుకున్నవాళ్ళు కొందరు వచ్చారు. కొమర్రాజు లక్ష్మణరావుగారు 1906లో హైదరాబాదులో విజ్ఞానచంద్రికా మండలి పెట్టారు, తరవాత అది మద్రాసు వెళ్ళింది. మొదటి పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి అబ్రహాం లింకన్ చరిత్ర. ముందే చందాదారులుగా చేరినవాళ్ళకి ధరలో తగ్గింపు. మనం దసరా చీటీ కట్టినట్టే. పదిమంది ముందు చేరితే అచ్చు ఖర్చుకి ధైర్యం వస్తుంది, ధర దిగుతుంది. 1926లో కాశీనాథుని నాగేశ్వరరావుగారు ఆంధ్రగ్రంథమాల మొదలుపెట్టి సుమారు ఇరవై పుస్తకాలు మామూలువాళ్ళు కొనగలిగే ధరకి వేశారు. అమృతాంజనం అమ్మిన డబ్బు కొంత అటు వెళ్ళింది. మన తలనొప్పులు సాహిత్యానికి ఏనాటినుంచో పనికొస్తున్నాయన్నమాట.

లైబ్రరీల సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి. 1914లో బెజవాడలో మొదటి గ్రంథాలయ మహాసభ జరిగింది, అయ్యంకి వెంకటరమణయ్యగారు ఆ ఉద్యమానికి వెన్నెముక. అదంతా స్కూలు పుస్తకాల్లో ఉంది. స్కూలు పుస్తకాల్లో చెప్పనిది, మనం ఇంటిపన్ను కట్టే ప్రతిసారీ రూపాయికి ఎనిమిది పైసల చొప్పున లైబ్రరీ సెస్సు కడుతున్నామని. రెండు వేల పన్ను ఉంటే నూట అరవై రూపాయలు. నేను ఈ లెక్క చెప్పేదాకా మా అపార్టుమెంట్లో ఒక్కరికీ తెలియదు. "అయితే మనం ఎప్పుడో చందా కట్టేశామేటి!" అంది కింది వాటా అప్ప. కట్టేశాం. వెళ్ళి తెచ్చుకోకపోవడమే మిగిలింది.

ఇంతవరకూ చెప్పింది పెద్దవాళ్ళు చేసిన పని. ఇక ఆడవాళ్ళు, ఏ మండలీ పెట్టకుండా, ఏ మహాసభా జరపకుండా తయారు చేసుకున్న అతి చవక పుస్తకం సంగతికి వస్తాను. అదే బైండు పుస్తకం.

ముప్పై దాటని పిల్లలు ఇది చదువుతూ ఉంటే వాళ్ళకోసం వివరంగా చెబుతాను. ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక, తరవాత ఆంధ్రజ్యోతి వీక్లీలు, యువ, జ్యోతి లాంటి మంత్లీలు మన అమ్మల కాలంలో సీరియల్స్ వేసేవి. అరవైల్లో, డెబ్భైల్లో ఆ సీరియల్స్ రాసినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. 1961లో ఆంధ్రప్రభ పోటీలో బహుమతి వచ్చిన కోడూరి కౌసల్యాదేవిగారి చక్రభ్రమణం మూడేళ్ళకల్లా డాక్టర్ చక్రవర్తి సినిమా అయింది. యద్దనపూడి సులోచనారాణిగారి సెక్రటరీ జ్యోతి మాసపత్రికలో వచ్చింది. మా విజయనగరంలోనే పుట్టిన ద్వివేదుల విశాలాక్షిగారి నవలలకి మా అత్తగారి వీధంతా అభిమానులే. ఈ నవలలు పుస్తకంగా వచ్చాక కొనాలంటే డబ్బు కావాలి. వీక్లీ మాత్రం ఇంటికి ఎలాగూ వస్తుంది, మగవాళ్ళ పేరు మీదే. అందుకని వారం వారం ఆ సీరియల్ పేజీలు జాగ్రత్తగా ఊడదీసి, పరుపు కిందో బియ్యండబ్బా మీదో దాచి, కథ పూర్తయ్యాక కుట్టుకునేవారు.

కుట్టడం కూడా ఒక విద్యే. మా అత్తగారి పద్ధతి చెబుతాను. పేజీలు సరిచేసి, రెండు పీటల మధ్య పెట్టి, పైన రుబ్బురోలు పొత్రం బరువుగా పెట్టి ఒక రాత్రి ఉంచాలి. మర్నాడు గోనెసంచులు కుట్టే దబ్బనంతో మూడు చోట్ల కన్నాలు పొడిచి పురికొసతో కుట్టాలి. మైదాపిండి జిగురు ఉడికించేటప్పుడు చిటికెడు మైలుతుత్తం కలపాలి, లేకపోతే పురుగు పడుతుంది (మైలుతుత్తం విషం, కాబట్టి ఆ గిన్నె మళ్ళీ వంటింట్లోకి రాకూడదు. ఆవిడ దానికి సున్నం బొట్టు పెట్టి పెరట్లో ఉంచేవారు). అట్టకి చీరల పెట్టె మూతో, పాత కేలండరో. ఆవిడ బైండు చేసిన ఒక నవలకి ఇప్పటికీ 1971 కేలండరు లక్ష్మీదేవి ముఖచిత్రం.

ఈ పుస్తకాల్లో అసలు కథతో పాటు దాని వెనక పేజీ కూడా ఉంటుంది కదా. అదే నాకు ఎక్కువ ఇష్టం. నాయిక ఉత్తరం చదువుతూ కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది, పేజీ తిప్పితే ఎవరో పంపిన కందిపొడి కొలతలు. పెళ్ళి ఆగిపోయిందని తెలిసే చోట పక్కన తలనూనె ప్రకటన. అచ్చయిన నవలలో ఆ కాలం ఉండదు, కథ మాత్రమే ఉంటుంది. బైండు పుస్తకంలో బియ్యం ధరతో సహా ఉంటుంది.

వీధిలో ఒకరింటికి ప్రభ వచ్చేది, ఇంకొకరింటికి జ్యోతి. మధ్యాహ్నం రెండు గంటలకి ఇచ్చిపుచ్చుకోవడాలు. ఎవరు ముందు చదవాలి, సీరియల్ పేజీలు చివరికి ఎవరివి అన్నదానికి ఒప్పందాలుండేవి. మా అమ్మది పాలకొండ దగ్గర పల్లె. అక్కడికి వీక్లీ బస్సులో రెండు రోజులు ఆలస్యంగా వచ్చేదట. అది వచ్చేలోపు ఊళ్ళో ఎవరైనా పట్నం వెళ్ళి చదివొచ్చి కథ చెప్పేస్తే వాళ్ళతో మాటలుండవు. ఒక వీక్లీని ఎంతమంది చదివారో ఏ సర్క్యులేషన్ లెక్కలోనూ ఉండదు. మా అమ్మ చెప్పిన ప్రకారం వాళ్ళ వీధిలో ఒక కాపీకి తొమ్మిదిమంది. చదవడం రాని ఇద్దరు ముసలమ్మలు వినేవాళ్ళు, వాళ్ళని కలిపితే పదకొండు.

బైండు పుస్తకం దాటి అచ్చు పుస్తకం ఇంటికి రావడంలో పాకెట్ బుక్కులది పెద్ద చెయ్యి. ఇంగ్లండులో 1935లో అలెన్ లేన్ ఆరు పెన్నీలకి పెంగ్విన్ పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు పుస్తకాల షాపులవాళ్ళు మొహం తిప్పుకున్నారట. ఊల్‌వర్త్ అనే చవక సామాన్ల దుకాణాల్లో సరుకు కొనే పెద్దమనిషి కూడా వద్దనబోతుంటే, అప్పుడే అక్కడికొచ్చిన ఆయన భార్య చూసి బాగున్నాయి, నేనైతే కొంటాను అన్నదని, అందుకే ఆయన అరవై వేల పైచిలుకు కాపీలకి ఆర్డరు ఇచ్చాడని పెంగ్విన్ చరిత్ర చెప్పేవాళ్ళందరూ చెప్పే మాట. నిజమో, కొంత కలిపారో, నాకు మాత్రం ఆ ఇల్లాలి మీద గొప్ప నమ్మకం. ఆరు పెన్నీలకి ఎంత వస్తుందో ఆవిడకి తెలిసినట్టు పుస్తకాల వ్యాపారులకి తెలియదు.

మనకి ఆ పని అరవైల్లో ఎమెస్కోవాళ్ళు చేశారు. చేతిసంచీలో కూరల పక్కన పట్టేంత పుస్తకాలు. నవలలే కాదు, ప్రబంధాలు కూడా ఆ సైజులో వేశారు. ఇంటింటా గ్రంథాలయం అని సభ్యత్వం పెట్టి నెలనెలా పోస్టులో పంపేవారు. పోస్టుమాన్ ఆడవాళ్ళ పేరు మీద పార్సిలు తేవడం మా అత్తగారింట్లో అదే మొదలట. మామగారు పేరు చూసి "ఎవరిదీ?" అని అడిగారని, ఆవిడ "నాదే" అన్నారని, ఈ రెండు మాటల సంభాషణ మా ఇంట్లో యాభయ్యేళ్ళుగా చెప్పుకుంటూనే ఉన్నారు.

ఇంకోవైపునుంచి రష్యా పుస్తకాలొచ్చాయి. విశాలాంధ్ర ప్రచురణాలయం 1953లో విజయవాడలో మొదలైంది. మాస్కోలో తెలుగులో అచ్చయిన పుస్తకాలు వాళ్ళ షాపుల్లో, ఊళ్ళు తిరిగే పుస్తకాల వ్యానులో దొరికేవి. గట్టి అట్ట, తెల్లటి కాగితం, రంగు బొమ్మలు, ధర చూస్తే అచ్చుతప్పేమో అనిపించేంత తక్కువ. ఆ ధర వెనక ఒక ప్రభుత్వం ఖర్చు ఉంది, ఒక ప్రచారం ఉంది. తెలియక కాదు. కానీ మంచు, పొయ్యి, రొట్టె, మిషా, నటాషా అంటూ శ్రీకాకుళం జిల్లా పల్లెలో పెరిగిన నాకు ప్రపంచం ఇంత పెద్దదని మొదట చెప్పినవి అవే. వాటిని తెలుగు చేసినవాళ్ళలో ఒకరు మనవైపు మనిషేనని పెద్దయ్యాక తెలిసింది. బరంపురంలో పుట్టిన ఉప్పల లక్ష్మణరావుగారు, వృక్షశాస్త్రం చదివినాయన, అతడు-ఆమె నవల రాసినాయన, మాస్కోలో ఏళ్ళ తరబడి కూర్చుని అనువాదాలు చేశారు. 1991 తరవాత ఆ దేశమే లేదు, ఆ పుస్తకాలూ లేవు. ఇప్పుడవి పాత పుస్తకాల బండి మీద కనిపిస్తే అమ్మేవాడికే విలువ తెలిసిపోయింది, బేరానికి లొంగడు.

1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్టు, రూట్స్‌ని సహవాసి గారు క్లుప్తంగా తెలుగు చేసిన ఏడు తరాలు వేసింది. వాళ్ళదే వైద్యుడు లేని చోట మా ఇంట్లో థర్మామీటరు పక్కన ఉండేది. రంగనాయకమ్మగారు తన పుస్తకాల ధరలు ఎప్పుడూ తక్కువగానే పెట్టారు. ఆవిడ అభిప్రాయాలతో మీకు పేచీ ఉండొచ్చు, నాకూ కొన్నిటితో ఉంది, కానీ అంత లావు పుస్తకాన్ని అంత తక్కువకి ఇచ్చినావిడతో ధర దగ్గర పేచీ పెట్టుకోలేం.

ఇప్పుడు అసలు సంగతి. పాత పుస్తకం చవగ్గా నా చేతికి వచ్చిందంటే, అది ఎక్కడో ఒక ఇంట్లోంచి బయటికి వెళ్ళిందని అర్థం. ఊరికే వెళ్ళదు. చదివే మనిషి పోయినప్పుడో, ఇల్లు పడగొట్టినప్పుడో, డబ్బు అవసరం పడ్డప్పుడో వెళుతుంది. విజయనగరంలో జీవితమంతా గడిపిన చాసోగారి వాయులీనం కథ చదివారా? ఇల్లాలి జబ్బు ఖర్చుకి ఆమె వయొలిన్ అమ్ముడుపోతుంది. అందులో దుర్మార్గుడు ఎవడూ లేడు. ప్రేమగానే జరుగుతుంది అంతా. మన ఇళ్ళలో పుస్తకాలు కూడా సరిగ్గా అలాగే వెళతాయి, ప్రేమగా. పాత పుస్తకాల మీద మొదటి పేజీలో పేర్లు చూస్తుంటాను నేను. "పెళ్ళి రోజు కానుక", "చెల్లికి, పాసయినందుకు". నలభై రూపాయలకి కొని సంతోషంగా ఇంటికి తెచ్చుకున్న పుస్తకంలో అలాంటిది ఒకటి కనిపిస్తే ఆ పూట కాస్త మాట పడిపోతుంది.

మా అత్తగారు పోయిన మరుసటేడు అయ్యకోనేరు దగ్గరి పాత ఇల్లు బిల్డరుకి ఇవ్వడం ఖాయమైంది. సామాన్లు పంచుకున్నారు. ఇత్తడి బిందెలకి వాదనలయ్యాయి, పందిరి మంచానికి అయ్యాయి. ఆవిడ రేకుపెట్టెలు మూడింటికి మాత్రం ఎవరూ రాలేదు. వాటి నిండా బైండు పుస్తకాలు, పాకెట్ బుక్కులు, విడి వీక్లీలు. మా బావగారు పాత పేపర్లు కొనేవాణ్ణి పిలిచారు. తప్పు పట్టను, ఆయనకి ఫ్లాట్‌లో జాగా లేదు, మాకూ లేదు. ఆ అబ్బాయి తక్కెడ వేలాడదీసి చెప్పిన రేట్లు ఇవి: ఇంగ్లీషు పేపరుకి ఎక్కువ, తెలుగు పేపరు పదిహేను, పుస్తకాలు పన్నెండు. "బైండింగుంటే ఇంకా తక్కువేనమ్మా, అట్ట, పురికొస బరువు మాకెందుకు?" అన్నాడు. ఆ పురికొస కుట్టిన వేళ్ళు నాకు గుర్తొచ్చాయి.

తూస్తే నలభై ఒక్క కిలోలు. పన్నెండు చొప్పున నాలుగువందల తొంభై రెండు రూపాయలు. నేను లోపలికెళ్ళి పర్సులోంచి ఐదువందల నోటు తెచ్చి మా బావగారి చేతిలో పెట్టి, ఎనిమిది రూపాయలు తక్కెడ మోసినందుకు ఆ అబ్బాయికివ్వమన్నాను. ఆయన నవ్వి "నీకు డబ్బెందుకమ్మా, ఊరికే పట్టుకెళ్ళు" అన్నారు. ఊరికే తీసుకుంటే రేపు జాగా లేదని నేనూ ఊరికే ఇచ్చేస్తాను. డబ్బిచ్చి కొన్నదైతే పద్దుల పుస్తకంలో ఉంటుంది. ఆ నెల "ఇతరములు" కింద ఐదువందలు రాశాను. యాభయ్యేళ్ళ చదువు, ఐదువందలు. నేను చేసిన బేరాలన్నిటిలోకీ అదే చవక, కానీ బేరం చేశానన్న సంతోషం అణువంత కూడా కలగనిది అదొక్కటే.

మంచాల కింద కొన్ని, అటక మీద కొన్ని సర్దాక, విడి వీక్లీలు ఏం చెయ్యాలో తోచలేదు. శ్రీకాకుళంలో కథానిలయం ఉంది కదా అన్నది మా అమ్మాయి. అప్పుడు వెళ్ళాం.

కాళీపట్నం రామారావుగారు, మనందరికీ కారా మాస్టారు, 1924లో శ్రీకాకుళం జిల్లా మురపాకలో పుట్టారు. విశాఖపట్నంలో స్కూలు మాస్టారుగా పనిచేశారు. యజ్ఞం లాంటి కథ రాసినాయన తరవాత తన కథలు పక్కన పెట్టి ఇతరుల కథలు వెతకడం మొదలుపెట్టారు. 1995లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. ఆ డబ్బు, తన దగ్గరున్న డబ్బు, మిత్రులిచ్చింది కలిపి 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒకచోట ఉండాలన్నది ఆయన పట్టుదల. 2021 జూన్ 4న పోయేదాకా అదే ధ్యాస.

లోపలికి వెళితే గోడల మీద కథకుల ఫొటోలు, అలమర్ల నిండా కథల పుస్తకాలు, పాత పత్రికలు. ఇంటి వాసనే. మా అత్తగారి రేకుపెట్టె తెరిచినప్పటి వాసన. నాకు ఆ క్షణంలో తట్టింది చెబుతాను. తెలుగు కథలు చాలావరకు మొదట పత్రికల్లోనే అచ్చయ్యాయి, పుస్తకంగా రాని కథలు వేలు. అంటే వాటిని దాచింది ముందు ప్రెస్సులూ కాదు, యూనివర్సిటీలూ కాదు. ఎవరి ఇంట్లో ఎవరో పారెయ్యకుండా ఉంచితేనే అవి మాస్టారి దాకా చేరే వీలు. ఆ "ఎవరో" చాలా ఇళ్ళలో ఎవరై ఉంటారో మీకు తెలుసు, నాకు తెలుసు.

పాత కాగితం ఒకటి మిగలడం వల్ల ఏమవుతుందో ఒక ఉదాహరణ. చిన్నప్పుడు మనందరం తెలుగులో మొదటి కథ 1910లో వచ్చిన గురజాడవారి దిద్దుబాటు అని చదువుకున్నాం. మా ఊరి గొప్ప కాబట్టి నేను ఇంకాస్త గట్టిగానే చదువుకున్నాను. కానీ హిందూసుందరి అనే ఆడవాళ్ళ పత్రికలో 1902లోనే భండారు అచ్చమాంబగారి ధనత్రయోదశి అచ్చయి ఉంది. బడికి వెళ్ళకుండా తమ్ముడు చదువుతుంటే పక్కన కూర్చుని చదువు నేర్చుకున్నావిడ. చిన్న వయసులోనే, 1905లో పోయారు. ఆ పాత సంచికలు తూకానికి వెళ్ళి ఉంటే, దిద్దుబాటుకి ఎనిమిదేళ్ళ ముందు ఒక ఆడమనిషి కథ రాసిందని చెప్పడానికి మన దగ్గర ఏమీ ఉండేది కాదు. ఏది మొదటి కథ అన్న తగువు పండితులు పడనివ్వండి. కాగితం ఉంటేనే తగువైనా ఉంటుంది. గురజాడవారి మీద నా భక్తి ఏమీ తగ్గలేదు, బుచ్చమ్మని మనకిచ్చినాయన కదా.

ఇప్పుడు కథానిలయం కథలు చాలా కంప్యూటర్లో ఉచితంగా చదువుకోవచ్చు. రచయిత పోయి అరవయ్యేళ్ళు దాటిన పుస్తకాలకి కాపీరైటు ఉండదు కాబట్టి కన్యాశుల్కం లాంటివి ఎవరైనా ఉచితంగా పెట్టొచ్చు. అవి చదవండి. కానీ బతికున్న రచయిత్రి కొత్త నవల ఫోనులో ఎవరో దొంగతనంగా పంపితే "భలే చవక" అని సంబరపడేవాళ్ళతో నాకు కుదరదు. పాత పుస్తకం బండి మీద కొంటే రచయిత్రికి పైసా రాదు కదా, తేడా ఏమిటి అని మా చెల్లెలు వాదించింది. తేడా ఉంది. ఆ కాపీకి ఒకప్పుడు ఎవరో డబ్బిచ్చారు. చేతులు మారింది అంతే, చీర మారినట్టు. ఫోనులో వచ్చినదానికి ఎవరూ ఎప్పుడూ ఇవ్వలేదు. నేను బీరకాయల దగ్గర ఐదు రూపాయలకి బేరమాడే మనిషినే, కానీ తోటలోంచి కోసుకురాను.

పోస్టు ఖర్చు భయంతో పుస్తకాలు తెప్పించుకోని వాళ్ళకి ఒక సమాచారం. పాత రిజిస్టర్డు బుక్ పోస్టు సౌకర్యాన్ని 2024 డిసెంబరులో తీసేసినప్పుడు నేనూ దిగులు పడ్డాను. 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అని కొత్తది పెట్టారు. మొదలుపెట్టినప్పటి రేట్ల ప్రకారం మూడువందల గ్రాముల దాకా ఇరవై రూపాయలు, ఐదు కిలోలకి వంద, పన్ను అదనం. పోస్టాఫీసు కౌంటరులో పేరు చెప్పి అడగండి. అడక్కపోతే మామూలు పార్సిలు కింద రాసేస్తారు.

పోస్టు మాట ఎందుకు ఎత్తానంటే, నాకొక పని ఉంది మీతో. ఆ నలభై ఒక్క కిలోల్లో ఒక బైండు నవలకి మొదటి పేజీలు లేవు. పేరు తెలియదు, రాసినావిడెవరో తెలియదు. నాయిక టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేస్తుంది, ఇంటికి పెద్ద కూతురు, జీతం తండ్రి చేతిలో పెట్టడం మానేద్దామా అని ఆలోచిస్తూ ఉంటుంది. పదిహేడో భాగం చివర జీతం కవరు పట్టుకుని బస్‌స్టాండులో నిలబడుతుంది. తరవాతది పందొమ్మిదో భాగం, అప్పటికే వేరే ఊళ్ళో ఉంది. పద్దెనిమిది ఉండాల్సిన చోట మా అత్తగారు ఖాళీ తెల్లకాగితం ఒకటి పెట్టి కుట్టారు, మీద పెన్సిలుతో "ఆ వారం రాలేదు" అని రాసి. దొరికితే అతికించుకోవచ్చని కాబోలు. వెనక పేజీల్లోని సినిమా ప్రకటనలని బట్టి డెబ్భైల మొదట్లోది. మీ అమ్మగారి పెట్టెలోనో, అత్తగారి అటక మీదో ఇలాంటి కథ ఉంటే ఒకసారి తిరగేసి చూడండి. అసలు కాగితం అక్కర్లేదు, ఫొటో తీసి పంపినా చాలు. పోస్టులోనే పంపితే ఆ ఇరవై రూపాయలూ నేనిస్తాను.